గోదావరి జిల్లాల పాత రంగు గాజు: గుర్తుపట్టడం, సేకరించడం, కాపాడుకోవడం

కోనసీమలోనో, భీమవరం, పాలకొల్లు వైపునో ఒక పాత మండువా లోగిలి పడగొడుతున్నారంటే ముందుగా వచ్చేది కలప వ్యాపారి. టేకు స్తంభాలు, దూలాలు, చెక్కిన గుమ్మాలు మంచి ధరకే పోతాయి. గుమ్మం పైన ఉన్న ఎర్ర, నీలి, ఆకుపచ్చ అద్దాల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అటక మీది సోడా బుడ్లు, మందు సీసాలు, లాంతరు చిమ్నీలు, షోకేసులో మిగిలిన రంగు గ్లాసులు పాత సామాన్ల బండి ఎక్కేస్తాయి. తరాల తరబడి మన ఇళ్ళు పోగుచేసుకున్న గాజు ఇలా మన కళ్ళముందే పోతోంది. దాన్ని గుర్తుపట్టి, కొని, జాగ్రత్త చేద్దామనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. రంగు చూసి మోజు పడకండి. రంగును ఈరోజు ఎవరైనా పోయగలరు. వాడకం వల్ల అడుగున పడిన అరుగుదల, అచ్చు అతుకు, ఆ వస్తువు గురించి ఇంటివాళ్ళు చెప్పే సంగతి, ఈ మూడింటినీ కల్పించడం కష్టం. వాటిని చదవడం నేర్చుకోవడమే సేకరణలో అసలు పని.

ఈ గాజు మన దగ్గరికి ఎలా చేరింది

డెల్టాకు సముద్రపు దారి ఎప్పటి నుంచో ఉంది. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్ళు పాలకొల్లులో వ్యాపారం చేశారు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. కోరంగి, కాకినాడ ఓడరేవులు విదేశీ సరుకు దిగే చోట్లు. అయితే మామూలు రైతు ఇంట్లోకి రంగు గాజు రావడానికి అసలు కారణం ధాన్యం డబ్బు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పారాయి, ఆ కాలవల మీదే పడవలు తిరిగాయి. 1900లో రాజమండ్రి దగ్గర హేవ్‌లాక్ వంతెన మీదుగా రైలు నడిచింది. మేడలు కట్టుకున్నవాళ్ళు గుమ్మాలకు రంగుటద్దాలు పెట్టించారు, హాల్లో గాజు దీపాలు వేలాడదీశారు.

ఇంకో దారి బర్మా. మనవాళ్ళు వేలమంది కాకినాడ నుంచి ఓడ ఎక్కి 'రంగం' (రంగూన్) వెళ్ళారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడ్డాక ఎక్కువమంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు. కాబట్టి ఏ ఇంట్లోనైనా "ఇది మా తాతగారు రంగం నుంచి తెచ్చిందండీ" అంటే, ఆ మాట నిజమైతే, వస్తువు చాలావరకు 1942కు ముందుదే. ఒక్క మాటతో కాలం తెలిసిపోతుంది. అందుకే కథ ముఖ్యం అంటున్నాను.

అప్పట్లో బజారులో అమ్మిన రంగు గాజు ఎక్కువగా మూడు చోట్ల నుంచి వచ్చేది: ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని బొహీమియా, ఇంగ్లండు, జపాను. మన దేశంలోనూ ఫ్యాక్టరీలు లేచాయి. స్వదేశీ ఉద్యమం ఊపులో 1908లో పూణే దగ్గర తళేగావ్‌లో పైసా ఫండ్ గ్లాస్ వర్క్స్ వచ్చింది. 1916లో మొదలైన ఓగలే గ్లాస్ వర్క్స్ వాళ్ళు 'ప్రభాకర్' లాంతర్లు, వాటి చిమ్నీలు చేశారు. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గురించి చెప్పక్కర్లేదు, మన ఆడవాళ్ళ చేతుల గాజులు చాలావరకు అక్కడివే. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులు బిగుసుకుపోవడంతో ఇళ్ళలోకి వచ్చింది ఎక్కువగా ఈ దేశీ సరుకే.

ఆఖరి విడత గల్ఫ్‌ది. కువైట్, మస్కట్ వెళ్ళొచ్చినవాళ్ళ షోకేసుల్లో తేనెరంగు ఫ్రెంచి డిన్నర్ సెట్లు కనిపిస్తాయి. అడుగున 'డ్యురాలెక్స్' అనో 'వెరెకో' అనో అచ్చు ఉంటుంది. వీటిని చిన్నచూపు చూసే సేకర్తలున్నారు. నేను ఒప్పుకోను. కోనసీమ చరిత్రలో రంగం ఎంతో గల్ఫ్ కూడా అంతే.

ముందు ఒక దారి ఎంచుకోండి

కనిపించిందల్లా కొంటే ఆర్నెల్లకు ఇల్లు నిండుతుంది, ఏదీ పూర్తికాదు. ఒక రకంతో మొదలుపెట్టండి: సోడా బుడ్లు, మందు సీసాలు, దీపాల గాజు, తాగే గ్లాసులు, గుమ్మాల అద్దాలు. కొత్తవారికి నేను చెప్పేది సీసాలతో మొదలుపెట్టమనే. దొరుకుతాయి, ధర తక్కువ, వాటి మీద చదవడానికి ఆనవాళ్ళు ఎక్కువ.

అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో చవగ్గా అచ్చుపోసిన గులాబి, ఆకుపచ్చ గాజు సామానుకి ప్రపంచమంతా అభిమానులున్నారు. ఓట్స్ పెట్టెల్లో ఉచితంగా పెట్టి ఇచ్చిన సరుకది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, తప్పులేదు. కానీ అక్కడ దాన్ని కాపాడేవాళ్ళు వేలల్లో ఉన్నారు. రాజోలులోనో, ముక్తేశ్వరంలోనో అటక మీదున్న సీసాను మనం చూడకపోతే ఇంకెవరూ చూడరు.

రంగు వెనక ఉన్న లోహం

గాజంటే ఇసుక, సోడా, సున్నం కలిపి కరిగించింది. ఇసుకలో ఉండే ఇనుము వల్ల లేత ఆకుపచ్చ దానంతటదే వస్తుంది. పాత సోడా బుడ్లకు ఆ నీటిరంగు అలా వచ్చిందే, ఎవరూ కావాలని వేసింది కాదు. ముదురు నీలం కోబాల్ట్ వల్ల వస్తుంది, అది చిటికెడు పడినా చాలు. ఇనుముకు గంధకం, బొగ్గు తోడైతే గోధుమరంగు. ఈ రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకుంటుంది కాబట్టే మందులకు గోధుమరంగు సీసా వాడతారు. క్రోమియంతో చిక్కటి పచ్చ, రాగితో నెమలికంఠం రంగు వస్తాయి. ఎరుపు కష్టమైన రంగు. బంగారం, రాగి, సెలీనియం, వీటిలో ఏదో ఒకటి పడాలి. అందుకే పాత ఎర్ర గాజు ఖరీదెక్కువ.

మాంగనీస్ సంగతి వేరు. ఇనుము తెచ్చే పచ్చదనాన్ని పోగొట్టి గాజును తెల్లగా, అంటే రంగు లేకుండా, చేయడానికి దాన్ని కలిపేవారు. అలాంటి తెల్ల గాజు ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే లేత ఊదారంగుకు తిరుగుతుంది. ఇప్పుడు కొందరు వ్యాపారులు మామూలు పాత సీసాలకు రేడియేషన్ పెట్టించి, ముదురు ఊదా తెప్పించి అమ్ముతున్నారు. సహజంగా మారింది లేతగా ఉంటుంది. చిక్కటి ఊదారంగు సీసాను చూస్తే అనుమానించండి.

చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి

నీడలో కాకుండా వెలుతురున్న వాకిట్లోకి తీసుకెళ్ళండి. పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం జేబులో ఉంచుకోండి. కంసాలులు వాడేదే, బజార్లో దొరుకుతుంది.

మొదట తిరగేసి అడుగు చూడండి. ఏళ్ళ తరబడి బల్ల మీద, అరుగు మీద జరిగిన వస్తువుకి నేలను తాకే అంచు మీదే సన్నటి గీతలు పడతాయి, అవి అన్ని వైపులకీ గజిబిజిగా ఉంటాయి. ఉప్పు కాగితంతో రుద్ది తెప్పించిన అరుగుదలైతే గీతలన్నీ ఒకే వైపుకి ఉంటాయి, నేలకి తగలని గుంటలో కూడా ఉంటాయి. భూతద్దంలో ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అడుగు మధ్యలో గరుకైన మచ్చ ఉంటే, ఊదేటప్పుడు ఇనుప కడ్డీ అంటించి విరిచిన గుర్తది. చేత్తో చేసిన పని అని అర్థం.

తర్వాత అతుకు గీత. రెండు ముక్కల అచ్చులో పోసిన సీసాకి పక్కన నిలువు గీత ఉంటుంది. అది మూతి అంచు దాకా పోతే యంత్రం చేసిన సీసా. మెడ దగ్గరే ఆగిపోతే మూతిని విడిగా చేత్తో తీర్చారు. యంత్రంతో సీసాలు చేసే పద్ధతిని అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903 ప్రాంతంలో తెచ్చాడు. అందుకని పాశ్చాత్య పుస్తకాల్లో 'గీత మెడ దగ్గర ఆగితే వందేళ్ళ పైది' అని రాస్తారు. మన దేశంలో ఆ లెక్క పనిచేయదు. నోటితో ఊదడం ఇక్కడ చాలాకాలం సాగింది, ఫిరోజాబాద్‌లో నేటికీ సాగుతోంది. గాలి బుడగలున్నంత మాత్రాన పాతది అనుకోవడమూ అంతే పొరపాటు. పాత అందం కోసం బుడగలు కావాలనే పెడుతున్నారు.

గోలీసోడా బుడ్డితో ఇదంతా బాగా అభ్యాసం చేయొచ్చు. ఇంగ్లండుకు చెందిన హైరమ్ కాడ్ 1870లలో పేటెంట్ తీసుకున్న సీసా అది. మూతి లోపల రబ్బరు వాషర్ కూర్చునే గాడి ఉంటుంది. బుడ్డిని తలకిందులుగా పెట్టి సోడా నింపితే గ్యాసు ఒత్తిడికి గోలీ వెళ్ళి ఆ వాషర్‌కి అతుక్కుంటుంది. మెడ దగ్గర నొక్కిపెట్టినట్టు కనిపించే రెండు గుంటలు, తాగేటప్పుడు గోలీ మళ్ళీ మూతికి అడ్డం పడకుండా ఆపుతాయి. గోలీ కోసం పిల్లలు పగలగొట్టిన బుడ్లు లెక్కలేనన్ని కాబట్టి బాగున్నవి తక్కువ. కొనేముందు నాలుగు సంగతులు చూడండి. మూతి అంచున పెచ్చు ఊడిందా? గోలీ ఆ బుడ్డిదేనా, తర్వాత పెట్టిందా? గోలీకి కూడా అరుగుదల ఉండాలి. ఒంటి మీద ఉబ్బెత్తు అక్షరాల్లో సోడా ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు ఉందా? ఊరి పేరున్న బుడ్డి దొరికితే వదలకండి.

మందు సీసాల్లో ముదురు నీలం రంగువి, పక్కల నిలువు గాళ్ళు ఉన్నవి కనిపిస్తే అవి విషపు మందులకు వాడినవి కావచ్చు. చీకట్లో తడిమినా తెలియాలని అలా చేసేవారు. లోపల ఏమైనా మిగిలి ఉంటే మూత తీయకండి, వాసన చూడకండి. ముదురు నీలంలో విక్స్ డబ్బాలు, 'ఈవెనింగ్ ఇన్ ప్యారిస్' సెంటు బుడ్లు కూడా వచ్చేవి.

అడుగున ఉన్న రాతలు కాలాన్ని పట్టిస్తాయి. 'చెకోస్లొవేకియా' అని ఉంటే 1918కి తర్వాత, 1992 లోపు. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే 1945కీ 1952కీ మధ్య. ఇంగ్లండు వస్తువు మీద 'ఆర్‌డి' అని, పక్కన అంకె ఉంటే 1884 తర్వాత రిజిస్టరైన డిజైను. అంతకుముందు, 1842 నుంచి 1883 దాకా, వజ్రం ఆకారపు ముద్ర వేసేవారు.

నారింజరంగులో, పైన నూనె తెట్టులా రంగులు మెరిసే పూలకూజాలు కొన్ని పాత ఇళ్ళలో ఉన్నాయి. వేడి గాజు మీద లోహపు లవణాలు చల్లితే ఆ మెరుపు వస్తుంది. 1907 ప్రాంతంలో అమెరికాలోని ఫెంటన్ కంపెనీ దీన్ని జనంలోకి తెచ్చింది. మన దేశంలో ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్ చేసింది. చేప, ఏనుగు తల, దేవత ఆకారాల కూజాలు వాళ్ళవే. కొన్నింటి మీద 'జైన్' అని ఇంగ్లీషులో అచ్చు ఉంటుంది. విదేశీ సేకర్తలు వీటికోసం వెతుకుతుంటే మనం అగరొత్తులు గుచ్చి మూల పెడుతున్నాం. నకిలీల్లో మెరుపు పైన పూసిన రంగు మాత్రమే. అడుగున కనపడని చోట దూదికి గోళ్ళ రంగు తీసే ద్రావకం అద్ది రుద్దితే ఊడొస్తుంది. అమ్మేవారి అనుమతి లేకుండా ఈ పరీక్ష చేయొద్దు.

ఇక గుమ్మాల అద్దాలు. రంగుటద్దం ఏదైనా 'బెల్జియం' అనడం మన దగ్గర అలవాటు. బెల్జియం కిటికీ అద్దాలు పెద్దఎత్తున ఎగుమతి చేసిన మాట నిజమే గానీ ముద్రలేని అద్దం ఎక్కడిదో ఖాయంగా చెప్పలేం. పాతదా కాదా అన్నది మాత్రం చెప్పొచ్చు. పక్క నుంచి వంచి చూస్తే ఉపరితలం అలలుగా ఉంటుంది, బుడగలు పొడుగ్గా సాగి ఉంటాయి. ఎర్ర అద్దం అంచు చూడండి. చాలావాటిలో అద్దమంతా తెల్లగా ఉండి, ఒక వైపు మాత్రం సన్నటి ఎర్ర పొర ఉంటుంది. ఎరుపు మందంగా పోస్తే నల్లబడిపోతుంది కాబట్టి పొరగా వేసేవారు. అలాంటి అంచు కనిపిస్తే మంచి పనితనం మీ చేతిలో ఉన్నట్టే. ప్లాస్టిక్ పలక అయితే తేలిగ్గా ఉంటుంది, గోటితో కొడితే చప్పుడు మొద్దుగా వస్తుంది.

యూవీ టార్చి

అతినీలలోహిత (యూవీ) కాంతినిచ్చే ఈ టార్చి కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, బాగా పనికొస్తుంది. కాంతి తరంగం పొడవు 365 నానోమీటర్లు ఉన్నది కొనండి. 395ది చవక, కానీ దాని ఊదా వెలుగు ఎక్కువై గాజు మెరుపు సరిగ్గా తెలియదు. చీకటి గదిలో లేత పసుపు, లేత ఆకుపచ్చ గాజు మీద వేసినప్పుడు చిగురాకు పచ్చగా భగ్గుమని వెలిగితే అందులో యురేనియం ఉంది. మాంగనీస్ ఉన్న గాజు కూడా పచ్చగానే మెరుస్తుంది గానీ నీరసంగా.

యురేనియం అనగానే టెన్షన్ పడక్కర్లేదు. 1789లో క్లాప్రోత్ కనిపెట్టిన ఈ మూలకాన్ని 1830ల నుంచి బొహీమియాలో యోసెఫ్ రీడెల్ గాజులో వాడాడు. అణుబాంబు మాట రావడానికి వందేళ్ళ ముందటి సంగతి అది. గాజులో దాని శాతం తక్కువ, షోకేసులో పెట్టుకోవడానికి భయం లేదు. వాటిలో తినడం, తాగడం మాత్రం మానండి. బరువైన సీసపు క్రిస్టల్‌కూ ఇదే వర్తిస్తుంది. పులుపు తగిలితే సీసం దిగుతుంది కాబట్టి నిమ్మరసం, పచ్చడి అందులో పెట్టొద్దు.

ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

ఇళ్ళు పడగొట్టే కాంట్రాక్టర్లతో, పాత కలప దుకాణాలవాళ్ళతో, ఊళ్ళో పాత సామాన్ల బండివాళ్ళతో పరిచయం పెంచుకోండి. ఫోన్ నంబరు ఇచ్చి, "గాజు ఏదున్నా పగలగొట్టకముందు నాకు చూపించండి, ఇనుముకి ఇచ్చే రేటు కంటే ఎక్కువే ఇస్తాను" అని చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. గుమ్మం అద్దాలు కావాలంటే పడగొట్టే రోజు కాదు, ముందు రోజే వడ్రంగిని తీసుకెళ్ళాలి. రెండు వైపులా వెడల్పాటి టేపు అంటించి, బీడింగు మేకులు తీసి, చట్రాన్ని సడలించి అద్దాన్ని కిందికి జార్చాలి. ఉలి పెట్టి అద్దాన్ని పైకి లేపితే మూల విరుగుతుంది. పాత లప్పంలో సీసం ఉండొచ్చు, మాస్కు పెట్టుకుని తడిచేసి గీకండి.

ఇళ్ళకు వెళ్ళినప్పుడు మొదటి మాట ధర కాకూడదు. వాకిట్లో కూర్చుని, "మామ్మగారూ, ఈ గ్లాసులు మీరు కాపురానికి వచ్చేసరికే ఉన్నాయాండీ?" అని అడగండి. "ఆయ్, మా అత్తగారు నరసాపురంలో కొన్నారంట బాబూ, పండక్కి మాత్రమే తీసేవాళ్ళం" అని ఆవిడ చెప్పే మాట మీ సేకరణకు పనికొచ్చే సమాచారం. నిజమైన విలువ తెలిసీ పెద్దవాళ్ళ దగ్గర పదికీ పరకకీ పట్టుకుపోవడం పాపం. పిల్లలకు చెప్పే అమ్మమనండి. అమ్మనంటే ఫొటో తీసుకోనివ్వమని అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

కడగడం

ఇసుక, బూడిద, కొబ్బరి పీచు దగ్గరికి రానీయకండి. ఇత్తడి తోమే చెయ్యి గాజు మీద పడితే పూత, బంగారు గీత పోయినట్టే. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి, ఒక్కొక్కటే మెత్తటి గుడ్డతో కడగాలి. ఫ్రిజ్‌లోది, ఎండలోది వెంటనే నీళ్ళలో ముంచితే చిట్లుతుంది.

మన తీరప్రాంతపు బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ. సీసా లోపల తెల్ల పొర కట్టి ఉంటే వెనిగర్ పోసి రాత్రంతా ఉంచి, పొద్దున గుప్పెడు బియ్యం వేసి గిలకొట్టండి. ఆఖరున మంచినీళ్ళతో తొలపండి. తడిగా ఉన్నప్పుడు మాయమై ఆరగానే మళ్ళీ కనిపించే మసక ఉంటే గాజే పాడైందని అర్థం. అది కడిగితే పోదు. అమ్మేవాళ్ళు నూనె రాసి దాచే లోపం ఇదే కాబట్టి కొనేముందు గుడ్డతో తుడిచి చూడాలి.

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న గ్లాసుల్ని లాగకండి. లోపలి గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, బయటిదాన్ని గోరువెచ్చని నీళ్ళలో పెడితే వదులవుతాయి.

పెట్టుకునే చోటు

గోదావరి గాలిలో తేమ ఎక్కువ. తేమ ఏళ్ళ తరబడి నిలిస్తే గాజు కూడా పాడవుతుంది. బీరువా తలుపులు అప్పుడప్పుడు తెరవండి. సీసాల మూతలు బిగించకండి. వార్తాపత్రికల్లో చుట్టి అటక మీద పెట్టొద్దు, కాగితం తడిసి గాజుకు అతుక్కుంటుంది. తరలించేటప్పుడు ముందు ఉతికిన పాత పంచెలో చుట్టి, తర్వాత పీచు గానీ ఊక గానీ కూరాలి. చేరాక మాత్రం ఊక వెంటనే తీసేయాలి, అది తేమ పీలుస్తుంది. లంక గ్రామాల్లో ఉన్నవాళ్ళు వరదల రోజులకు ముందే కింది అరల్లో సామాను పైకి చేర్చుకోవాలి. 1986 వరద చూసినవాళ్ళకు ఇది విడిగా చెప్పక్కర్లేదు.

నోటుబుక్కు, చట్టం

వస్తువు ఇంటికి రాగానే ఒక నంబరు ఇచ్చి, ఎవరి ఇంటి నుంచి, ఏ ఊరు, ఎంతకు, వాళ్ళు చెప్పిన సంగతి ఏమిటి, పెచ్చులు ఎక్కడున్నాయి అన్నది రాయండి. అడుగు ఫొటో, పక్క ఫొటో తీయండి. నంబరును పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి దారంతో కట్టండి, గాజుకు స్టిక్కరు అంటించకండి.

ఈ రాత చట్టానికీ అవసరమే. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువులు, పనితనపు వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడం నిషేధం. మన జిల్లాల్లో చాలా ఇళ్ళ పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. అమ్మమ్మగారి గ్లాసులు గుర్తుగా తీసుకెళ్తామంటారు, న్యాయమే. అయితే వస్తువు వందేళ్ళ లోపుదని ఖాయంగా తెలియాలి. అనుమానం ఉంటే, అది పురావస్తువు కాదనే సర్టిఫికెట్ కోసం భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు ఫొటోలు, మీ నోటుబుక్కులోని వివరాలతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. టిక్కెట్లు తీశాక కాదు, ప్రయాణానికి చాలా ముందే ఆ పని చూసుకోవాలి.